మూత కింద నల్లి

మా వదిన ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే "నల్లులు చూస్తుంది" అని చెబుతాను. అడిగినవాళ్ళు వెంటనే తాము కూర్చున్న కుర్చీ కేసి ఒకసారి చూసుకుని, కాస్త ముందుకు జరుగుతారు. ఆ జరగడం చూడడం నాకు సరదా. ఆ తర్వాతే అసలు సంగతి విప్పుతాను. అవి మంచాల్లో ఉండే నల్లులు కావు, తేనెటీగల ఒంటిని పట్టుకుని బతికే నల్లులు. వాటిలో ఏది ఏదో తేల్చి చెప్పడం ఆవిడ పని. దానికి జీతం కూడా ఇస్తారా అని అడిగినవాళ్ళున్నారు. అలాంటివాళ్ళకు నేను కాఫీ కూడా ఇవ్వను.

ఆవిడ ఆఫీసు ఒక పాత మేడమీద ఉంటుంది. మెట్లెక్కుతుండగానే స్పిరిట్ వాసన ముక్కుకు కొడుతుంది. ఈగలు పెంచేవాళ్ళు పెట్టెలోంచి గుప్పెడు ఈగలను తీసి, స్పిరిట్ పోసిన సీసాలో వేసి తెస్తారు. వదిన ఆ సీసాను బాగా కుదిపి జల్లెడలో వంపుతుంది. ఈగలు పైన ఉండిపోతాయి, వాటిని పట్టుకుని వేలాడుతున్నవి కిందికి దిగుతాయి. గోధుమరంగు నలుసులవి. మనకైతే తిరగమోతలో మాడిన ఆవాల్లా కనిపిస్తాయి. పుల్ల చివర అతికించిన ఒక్క వెంట్రుకతో ఆవిడ వాటిని ఒక్కొక్కటిగా ఎత్తి, ఒక ఆమ్లపు చుక్కలో నానబెడుతుంది. నానితే వాటి ఒళ్ళు గాజులా తేటపడి, కడుపు మీది పలకలు, కాలి గోళ్ళు కనిపిస్తాయి. అప్పుడు గాజు పలక మీద జిగురు చుక్కలో వెల్లకిలా పడుకోబెట్టి, పైన పల్చటి గాజు బిళ్ళ మూసి, ఆరబెట్టి, సూక్ష్మదర్శినిలో చూస్తుంది. మొదట కాళ్ళు లెక్కపెడుతుంది. ఎనిమిదుంటే నల్లి. ఆరే ఉంటే అది నల్లి కాదు, ఇంకేదో.

ఇంత చేసి ఆవిడ ఏనాడూ "లేవు" అని మాత్రం చెప్పదు. "నేను చూసినంతలో లేవు" అంటుంది. ఆఫీసులో అంటే సరే, ఇంట్లోనూ అదే. పాలు విరిగాయా వదినా అంటే "నేను చూసేసరికి విరగలేదు" అంటుంది. ఆడపడుచును కదా, నా వాటాకు వచ్చిన దెప్పిపొడుపులు నేను వదులుకోలేదు. "పెళ్ళిచూపుల్లో మా అన్నయ్యను కూడా ఇలాగే చూశావా?" అని అడిగాను ఒకసారి. "చూసినంతలో బాగానే ఉన్నారు" అంది.

నిజానికి వాళ్ళకు పెళ్ళిచూపులేమీ జరగలేదు. ఈగల పెట్టెలు కొత్తగా పెట్టిన రోజుల్లో, ఈగల వీపుల మీద ఏవో ఎర్రటి పురుగులు కూర్చున్నాయని మా అన్నయ్య గుండెలు బాదుకుంటూ సీసా పట్టుకుని ఆ మేడ ఎక్కాడు. అక్కడున్న కొత్తమ్మాయి కాళ్ళు లెక్కపెట్టి, "ఇది నల్లి కాదండీ. రెక్కల్లేని ఈగ. తేనెటీగ వీపెక్కి కూర్చుని, దాని నోటి దగ్గరి తిండి తింటూ బతికేస్తుంది. పెద్దగా హాని చెయ్యదు" అందట. "అంటే మా చెల్లెలి లాంటిదన్నమాట" అన్నాడట మా అన్నయ్య. ఆవిడ నవ్విందట. నన్ను అడ్డం పెట్టుకుని వాళ్ళిద్దరూ ప్రేమలో పడ్డారు. ఇన్నేళ్ళయినా ఆ పోలిక నేను క్షమించలేదు. పెళ్ళి మానేసి, అన్నయ్యతో సమానంగా ఆ పెట్టెల దగ్గర ఒళ్ళు వంచి పనిచేస్తున్నది నేను. నోటి దగ్గరి తిండి తినేది ఎవరో లోకమే చెప్పాలి.

పెళ్ళయిన కొత్తలో అన్నయ్య చొక్కా కాలరులో దాక్కుని ఒక ఈగ ఇంటికొచ్చింది. వదిన ఆ చొక్కా ఉతకడానికి తీస్తే మణికట్టు మీద కుట్టింది. చూస్తుండగానే మొహం ఉబ్బి, పెదాలు నీలంగా మారి, ఊపిరి అందక కింద పడిపోయింది. ఆస్పత్రిలో ఆవిడ కళ్ళు తెరిచేదాకా మాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఈగ విషం ఆవిడ ఒంటికి పడదని, ఇంకొకటి కుడితే ఏమవుతుందో చెప్పలేమని డాక్టరు చెప్పాడు. రోజంతా ఈగల మధ్యే గడిపే మనిషి చచ్చిన ఈగలను తప్ప ముట్టుకోకూడదు. ఇలాంటి తిరకాసు మా ఇంట్లోనే జరగాలి.

అన్నయ్య ఆ రోజే పెట్టెలన్నీ అమ్మేస్తానన్నాడు. వదిన ఒప్పుకోలేదు. "మీరు ఈగలు మానేసి ఇంట్లో కూర్చుంటే మీ మొహం చూడలేక చస్తాను. దానికంటే ఈగే నయం" అంది. అప్పటినుంచి ఇంటికీ తోటకూ మధ్య ఒక కట్టుబాటు ఏర్పడింది. తోటంటే ఊరి చివర పెట్టెలు పెట్టుకున్న మా స్థలం. వదిన ఆ గేటు దాటదు. మేమిద్దరం సాయంత్రం తోటలోనే కుళాయి కింద స్నానం చేసి, బట్టలు మార్చుకుని, జుట్టు విదిలించుకుని మరీ ఇంటికొస్తాం. అన్నయ్య నన్ను గేటు దగ్గర నిలబెట్టి చుట్టూ తిప్పి చూస్తాడు. నేనూ అతన్ని తిప్పి చూస్తాను. దారిన పోయేవాళ్ళు మమ్మల్ని చూసి ఏమనుకుంటారో నాకు తెలుసు, పట్టించుకోను.

అలా సాఫీగా గడిచిపోతున్న కాపురంలో ఆ ఏడు పెట్టెలకు జబ్బు చేసింది. ఈగలు పెట్టెల గుమ్మం ముందు నేలమీద పాకడం మొదలుపెట్టాయి. ఎగరబోయి పడిపోతున్నాయి. రెక్కలు నలిగి, పొట్టలు కురచగా ఉన్నాయి. నల్లి పట్టిందని ఎవరైనా చెప్పగలరు. అందరికీ తెలిసిన నల్లి ఒకటుంది, బల్లపరుపుగా, పొడవు కంటే వెడల్పు ఎక్కువగా, చిన్న పీతలా ఉంటుంది. దానికి మందు పట్టీలు దొరుకుతాయి. పెట్టెలో తేనెపట్టు కట్టే చట్రాల మధ్య వేలాడదీస్తే సరిపోతుంది. అన్నయ్య వేలాడదీశాడు. నేను ఎప్పటిలాగే గుప్పెడు ఈగలు స్పిరిట్లో వేసి మేడమీదికి పట్టుకెళ్ళాను. వదిన చూసి "తక్కువ" అని చెప్పింది. మళ్ళీ తీసుకెళ్ళాను. మళ్ళీ "తక్కువ". పెట్టెలు మాత్రం రోజురోజుకీ తేలికైపోతున్నాయి. ఈగల పెట్టె ఎత్తి చూసినవాళ్ళకు ఆ తేలిక ఎలాంటి దిగులు పెడుతుందో తెలుస్తుంది.

"నల్లి తక్కువేనని మీ వదిన చెప్పిందిగా. తిండి చాలక అలా అయిపోతున్నాయి. పూత ఉన్న చోటికి తోలితే కోలుకుంటాయి" అన్నాడు అన్నయ్య. దూరంగా పూతకొచ్చిన పొలాలున్నాయి. ఈ చుట్టుపక్కల ఈగలవాళ్ళందరూ ఆ రోజుల్లో పెట్టెలు లారీలకెత్తి అక్కడికే తోలతారు. మా ఏడాది బతుకంతా ఆ పూత మీదే. అక్కడ అందరి పెట్టెలూ పక్కపక్కనే ఉంటాయి. మా పక్కన ఎప్పుడూ దింపేది గొడుగాయన. ఎండైనా వానైనా చంకలో గొడుగు లేకుండా కదలడు కాబట్టి ఆయనకా పేరు.

లారీ మాట్లాడిన తర్వాత నేను తీసుకెళ్ళిన సీసాలోనే వదినకు అనుమానం తగిలింది. జల్లెడలో మిగిలిన ఈగలను ఎప్పటిలా పారబొయ్యకుండా వాటి రెక్కలు చూస్తూ కూర్చుంది.

"అమ్మాయ్, ఇవి ఎక్కణ్ణించి తీశావ్?"

"పెట్టెలోంచి. ఆకాశంలోంచి పడతాయా?"

"అన్నీ పెద్దవేగా?"

"కాక? ఉయ్యాల్లో పిల్లల్ని తీసుకొచ్చి స్పిరిట్లో ముంచమంటావా వదినా?"

ఆవిడ నలిగిన రెక్క ఒకదాన్ని పుల్లతో చాపి చూసింది. తర్వాత "అవును, ముంచాల్సింది" అంది. ఆ మాట ఆవిడ వేళాకోళానికి అనలేదు.

అప్పుడు చెప్పింది. ఇంకో నల్లి ఉందట. మొదటిదానికంటే చిన్నది, పొడుగ్గా సన్నగా ఉంటుంది. పెద్ద ఈగల తోలు కొరికే శక్తి దాని నోటికి లేదు. అందుకని పెద్ద ఈగల మీద ఎక్కువ సేపు ఉండదు. మైనపు గదుల్లో, ఈగలు పైన వేసే మైనం మూత కింద, మెత్తగా ఉండే పిల్లల రసం పీలుస్తూ బతుకుతుంది. పెద్ద ఈగలను ఎంత కడిగినా అది దొరకదు. ఈగలను సీసాలో వేసి కుదిపే పద్ధతి మొదటి నల్లి కోసం ఏర్పడింది. ఇటువైపు ఆ రెండోది ఉన్నట్టు ఎవరూ అనుకోలేదు కాబట్టి అదే పద్ధతి అందరికీ సాగిపోయింది. వదిన బీరువాలో ఎక్కడినుంచో వచ్చిన పాత గాజు పలక ఒకటుంది. ఆ నల్లిని ఆవిడ చూసింది దానిమీదే, చచ్చి, నాని, వెల్లకిలా పడి ఉన్నదాన్ని.

"నేను చూసింది తప్పు కాదు" అంది చేతులు తుడుచుకుంటూ. "సీసాలో ఉన్నవి తక్కువే. కానీ సీసాలోకి రానిదాన్ని నేనెట్లా చూస్తాను? ఇన్నాళ్ళూ చూడకూడని చోట శ్రద్ధగా చూశాను."

అన్నం దగ్గర అన్నయ్యకు చెప్పింది. మూతలు విప్పి పిల్లలను చూడాలని, అది తేలేదాకా లారీ కదలకూడదని. అన్నయ్య కోపం తెచ్చుకున్నా బాగుండేది. నవ్వాడు.

"నువ్వేగా తక్కువన్నావ్. నీ మాట మీదే మాట్లాడాను లారీ. ఇప్పుడు నువ్వే కాదంటే నేనెవర్ని నమ్మాలి చెప్పు? ఉన్న నాలుగు పిల్లల్నీ మూతలు చీల్చి చంపుకుంటే పూత దగ్గర పనిచేసేదెవరు?"

"అది కనక అయితే గొడుగాయన పెట్టెలకీ అంటుకుంటుందండీ. ఆయన్నించి అందరికీ."

"అయితే కదా" అన్నాడు, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. పాపం, మా అన్నయ్య మొండివాడు కాదు. పిల్లలున్న పట్టు మీద కత్తి పెట్టడానికి అతనికి చెయ్యి రాదు. తేనె తీసేటప్పుడు కూడా పిల్లల గది ఒకటి పొరపాటున తెగితే రోజంతా మొహం వేలాడేసుకుంటాడు. పైగా వదిన "తక్కువ" అన్న మాటను ఆ కష్టంలో అతను రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. దాన్ని వదలమంటే ఎలా వదులుతాడు?

మర్నాడు పొద్దున్న అన్నయ్య లారీ కోసం వెళ్ళగానే వదిన నా ముందుకొచ్చి నిలబడింది. చేతిలో ఆఫీసు తెల్ల పళ్ళెం, భూతద్దం. "నన్ను తోటకి తీసుకెళ్ళు" అంది.

నేను ఒంటికాలి మీద లేచాను. మతి పోయిందా అన్నాను. నేనే వెళ్ళి మూతలు విప్పి చూసొస్తాగా అన్నాను.

"నువ్వు చూసిందాన్ని నేను చెప్పలేను కదా."

"అయితే ఒక ముక్క కోసి డబ్బాలో తెస్తా."

"ఒక్క పెట్టె ముక్క చూస్తే మీ అన్నయ్య ఒప్పుకోడు. అదొక్కదాంట్లోనే ఉందంటాడు. పెట్టె పెట్టెకీ చూడాలి. నానబెట్టి ఆరబెట్టే టైం లేదమ్మాయ్. బతికున్నది పరుగెడుతుందని చదివాను. రెండో నల్లి చాలా జోరుగా పరుగెడుతుందట, మొదటిది నింపాదిగా పాకుతుందట. ఆ పరుగు నా కళ్ళతో చూస్తే ఇప్పుడే చెప్పగలను."

నేను కాదంటే ఒక్కతే వెళ్ళిపోయేలా ఉంది. చివరికి నా రెండో ముసుగు, అన్నయ్య పాత తోలు చేతొడుగులు, ఒకదానిమీద ఒకటి రెండు జతల బట్టలు తొడిగాను. చీలమండల దగ్గర, మణికట్ల దగ్గర పట్టీ చుట్టాను. ఈగ కుడితే వెంటనే పొడవమని డాక్టరు ఇచ్చిన ఇంజెక్షను ఆవిడ తన సంచిలోంచి తీసి నా చేతిలో పెట్టి, తొడలో ఎక్కడ పొడవాలో గుడ్డల మీదనుంచే వేలితో చూపించింది. "పొడిచాక ఏడుస్తూ కూర్చోకు, ఆటో పిలు" అంది. నేను అప్పుడే ఏడుస్తున్నాను.

గేటు దాటుతుంటే ఆవిడ ఆగింది. పెట్టెల హోరు వినిపిస్తోంది. "ఇంత గోల చేస్తాయా!" అంది. పాతికేళ్ళుగా ఈగలను చూస్తున్న మనిషికి వాటి చప్పుడు తెలియదు.

మొదటి పెట్టెకు పొగ పెట్టి, పిల్లలున్న చట్రం పైకి తీసి, పెద్ద ఈగలను లోపలికే విదిలించాను. కొన్ని మూతలు గోటితో గీరి, వదిన చెప్పినట్టు చట్రాన్ని తెల్ల పళ్ళెం అంచుకేసి గట్టిగా కొట్టాను. నలుసులు రాలాయి. రాలినవి రాలిన చోట ఉండలేదు. పళ్ళెం మీద అటూ ఇటూ పరుగులు పెట్టాయి. ఒకటి నా చేతొడుగు మీదికి ఎక్కేసింది కూడా.

వదిన భూతద్దం పెట్టి వంగింది. వంగి, నవ్వింది. పెద్దగా, చిన్నపిల్లలా నవ్వింది. "పరుగెడుతున్నాయే! చూడవే, ఎలా పరుగెడుతున్నాయో! ఆ ముందు కాళ్ళు చూడు, మీసాల్లా ఎత్తి పట్టుకుని ఎలా వెతుక్కుంటోందో. వాటిని వెల్లకిలా పడుకోబెట్టి ఏం చూశాను నేనిన్నాళ్ళూ!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఇల్లు మునిగిపోతుంటే ఈవిడకు నవ్వెలా వస్తోంది అనిపించింది. పళ్ళు నూరుకుంటూ రెండో పెట్టె తెరిచాను. పరుగెత్తాయి. మూడోది. పరుగెత్తాయి. పెట్టె పెట్టెకీ ఆవిడ నవ్వు తగ్గుతూ వచ్చింది. కాసేపటికి ముసుగు లోపల కళ్ళు తుడుచుకోవడానికి వీల్లేక తల ఊపుకుంటోంది. ఆ నవ్వు నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. జీవితమంతా ఒకరి ఫొటోనే చూసి, ఒకరోజు ఆ మనిషి నడిచి ఎదురుగా వస్తే ఎవరైనా ముందు నవ్వుతారు. ఆ వచ్చినవాడు దొంగ అన్న సంగతి తర్వాత గుర్తొస్తుంది.

లారీ చప్పుడు మేమిద్దరం వినలేదు. తలెత్తేసరికి అన్నయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. రెండు జతల బట్టల్లో ఉన్నది ఎవరో అతనికి ఒక క్షణం తెలియలేదు. తెలిశాక అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. అరుస్తాడనుకున్నాను. "చెల్లీ, పొగ డబ్బా ఇలా ఇయ్యి" అన్నాడు, పక్కగదిలో నిద్రపోతున్నవాళ్ళున్నట్టు. వదిన చుట్టూ పొగ పెడుతూ, ఒక్కో అడుగూ వెనక్కి వేయిస్తూ గేటు వైపు నడిపించాడు. ఆవిడ చేతొడుగు అంచు దగ్గర, పట్టీ కొంచెం ఊడిన చోట, ఒక ఈగ దూరడానికి దారి చూసుకుంటోంది. అన్నయ్య ఒట్టి గుప్పిట్లో దాన్ని పట్టి నలిపేశాడు. దారిలో ఈగ కనిపిస్తే పక్కకు తప్పుకుని నడిచే మనిషి.

గేటు బయట రోడ్డు దాటాక అరిచాడు. నన్ను, ఆవిణ్ణి, లారీవాణ్ణి కూడా. లారీవాడేం చేశాడో అతనికే తెలియాలి. వదిన అతని అరుపు అయ్యేదాకా ఆగి, ముసుగు తీసి, "ఏమండీ, నేను చెప్పింది తప్పు" అంది.

అన్నయ్య ఈగ కుట్టిన చెయ్యి రుద్దుకుంటూ చూశాడు.

"అదేనండీ. ఆ రెండోదే. తెరిచిన ప్రతి పెట్టెలోనూ ఉంది. మీరు వేలాడదీసిన పట్టీలు దానికి సరిగ్గా తగల్లేదు. మూత కింద ఉంటుంది కదా. కానీ పిల్లలు లేకపోతే దానికి తిండి లేదు. నాలుగు రోజులు పిల్లల్లేకుండా చేస్తే మాడి చస్తుంది. రాణుల్ని చిన్న పంజరాల్లో పెట్టి గుడ్లు పెట్టకుండా ఆపాలి. ఉన్న పిల్లల్ని తీసెయ్యాలి."

"ఎన్ని?"

"అన్నీ. మూత వేసినవీ, వెయ్యనివీ. గుడ్లు కూడా."

అన్నయ్య రోడ్డు పక్క రాయి మీద కూర్చుండిపోయాడు. నేను అతని పక్కన కూర్చున్నాను. మా ఇద్దరికీ ఆ పిల్లలే వచ్చే నెల ఈగలు. అవి లేకపోతే పూత లేదు, తేనె లేదు. ఉన్న పెద్ద ఈగలు ముసలివై రాలిపోయేలోగా కొత్తవి పుట్టకపోతే అసలు పెట్టెలే ఉండవు. కాదనుకుంటే లారీ ఎక్కించెయ్యవచ్చు. ఎవరికీ తెలియదు. వదిన ఆ మాట అనలేదు, నేను అనలేదు. అతను లేచి లారీవాడి దగ్గరికెళ్ళి, "నువ్వెళ్ళిపో బాబూ, ఈసారికి లేదు" అన్నాడు.

ఆ రోజూ మర్నాడూ కోశాం. కోసిన పట్టు బయట ఉంచకూడదు, వెంటనే ఉడకబెట్టాలి. తోటలో అయితే వాసనకు ఈగలు ముసురుతాయి. ఆ పని నాదంది వదిన. నేను పట్టు మీది ఈగలను విదిలించి, ఏరి, డబ్బాల్లో బిగించి ఇంటికి మోశాను. ఆవిడ పెరటి గదిలో తలుపులు మూసుకుని మరిగే నీళ్ళలో వేసింది. చివరి డబ్బా ఇచ్చినప్పుడు లోపలికి తొంగిచూశాను. ఆవిడ మొహమంతా ఆవిరి. నీటి మీద మైనం తేలుతోంది. "సాయం పట్టనా" అంటే "వద్దు, నేను చెప్పిందేగా ఇది" అంది.

వదిన అంతటితో ఊరుకోలేదు. ఆఫీసులో పెద్దాయన దగ్గరికెళ్ళి, ఈ ఏడు తను "తక్కువ" అని చెప్పిన ప్రతి ఒక్కరికీ మళ్ళీ కబురు పంపాలంది. ఆ మాట నమ్మవద్దని, మూతలు విప్పి పిల్లలను చూసుకోవాలని. పెద్దాయన తల పట్టుకున్నాడట. ఆఫీసు పరువు పోతుందన్నాడట. "పరువు సంగతి తెలీదు గానీ ఈగలు పోతాయండీ" అందట ఈవిడ. కబురు వెళ్ళింది. వెళ్ళిన మర్నాటికే మా ఇంటి ముందు జనం.

అందరికంటే గట్టిగా అరిచినవాడు గొడుగాయన. గొడుగు మడిచి వేలులా చూపిస్తూ, "ఆవేళ తక్కువంది. ఇవాళ కొయ్యమంటోంది. మీ పెట్టెలు పోయాయని మావి కూడా పోవాలా? ఏదీ, ఆవిణ్ణి పిలు. మా తోటకి వచ్చి, మా పెట్టె తెరిచి, నా కళ్ళముందు చెప్పమను. మేడమీద కూర్చుని ఎన్నయినా చెప్పొచ్చు!" అన్నాడు.

లోపల వదిన లేచింది. అన్నయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఆవిడ రాదు. నేనొస్తాను. మీరెప్పుడు రమ్మంటే అప్పుడు" అన్నాడు. నువ్వొచ్చి ఏం చేస్తావని ఎగతాళి చేసి అందరూ వెళ్ళిపోయారు. కొందరు ఇంటికెళ్ళాక మూతలు విప్పి చూసుకున్నారని తర్వాత తెలిసింది. గొడుగాయన మాత్రం లారీలకెత్తించుకుని పూతకు వెళ్ళిపోయాడు.

మా పెట్టెల్లో కొన్ని నిలవలేదు. నిలిచినవాటిలో రాణులను వదిలాక కొత్త గుడ్లు, కొత్త పిల్లలు, కొత్త మూతలు వచ్చాయి. అన్నయ్య ఒక్కో పెట్టెనుంచీ అరచేతిలో పట్టేంత ముక్క తానే కోసి తెచ్చాడు. వదిన ఒక్కో గదీ విప్పుకుంటూ పోయింది. అతను ఎదురుగా కూర్చుని ఆవిడ మొహం చూస్తూ ఉండిపోయాడు. పిల్లలు తెల్లగా, నిండుగా ఉన్నాయి. వాటిమీద ఏమీ పరుగెత్తలేదు. ఆ ఏడు తేనె లేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాం, కానీ మళ్ళీ పెట్టె ఎత్తితే బరువు తెలిసింది. నాకు అదే చాలనిపించింది.

పూత అయిపోకముందే గొడుగాయన తిరిగొచ్చేశాడు. ఒక మధ్యాహ్నం మా తోట గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఈసారి గొడుగు చంకలోనే ఉంది. "నేలమీద పాకుతున్నాయయ్యా" అన్నాడు అంతే. అన్నయ్య తెల్ల పళ్ళెం తీసుకుని బయల్దేరాడు. నేనూ వెళ్ళాను.

ఆయన తోటలో అన్నయ్య చట్రం తీసి, మూతలు గీరి, పళ్ళెం అంచుకేసి కొట్టాడు. పరుగులు మొదలయ్యాయి.

"ఇవేనా?" అన్నాడు గొడుగాయన.

"నేను చెప్పను. మా ఆవిడ చూసి చెప్పాలి."

"కళ్ళెదుట పరుగెడుతుంటే ఇంకా చూసేదేంటి అన్నయ్యా?" అన్నాను నేను.

"నేను చూస్తే పరుగే కనిపిస్తుంది. కాళ్ళు, కడుపు పలకలు, అవన్నీ ఆవిడ చూడాలి. అదేనని ఆవిడ నోటితో అంటేనే ఈయన కత్తి పట్టుకోవాలి. ఊరికే కోయిస్తానా?"

గొడుగాయన గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "అయితే ఆవిణ్ణే పిలిపించవయ్యా. ఆవేళ ఏదో నోరు జారాను. మనసులో పెట్టుకుందేమో, నేనే వచ్చి బతిమాలుకుంటాను."

అన్నయ్య చట్రం తిరిగి పెట్టెలో పెట్టాడు. మూత సరిచేశాడు. అప్పుడు అతను చెప్పింది, ఇన్నేళ్ళలో బయటివాళ్ళెవరికీ చెప్పగా నేను వినలేదు. "మనసులో పెట్టుకుని కాదండీ. ఒక్క ఈగ కుడితే మా ఆవిడ నాకు దక్కదు. ఆవేళ మీరు పిలిస్తే వచ్చేసేదే, అందుకే గుమ్మంలో అడ్డం నిలబడ్డాను. అంతకు ముందు నాకు చెప్పకుండా మా తోటలోకొచ్చింది. పెట్టెల మధ్య నిలబడింది. ఎందుకంటే నేను ఆవిడ ముందు తక్కువన్న మాట నమ్మి మీ పక్కకి లారీ తోలబోతున్నానని." నేను సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

గొడుగాయన కత్తి తీసుకున్నాడు. పిల్లలున్న పట్టు ముక్క తనే కోశాడు. దాన్ని కాగితంలో పెట్టబోయి ఆగాడు. వెలుగులోకి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కాగితం మడతలన్నీ విప్పి దులిపి మళ్ళీ చుట్టాడు. డబ్బాలో పెట్టి మూత బిగించాక, మళ్ళీ తెరిచి నా ముందు పెట్టాడు.

"అమ్మా, నా కళ్ళు సరిగ్గా ఆనవు. ఒక్క ఈగ కూడా లేదుగా? ఇంకోసారి చూడు తల్లీ."